గనిలోకి దిగిన సూపర్‌మ్యాన్

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ వైపు గనుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. గనిలో ప్రమాదం జరిగితే ఇంటికి కబురు ఎలా వస్తుందో, ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ ఎంత తిరగాలో అక్కడ ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. సూపర్‌మ్యాన్ తొలి కథల్లో ఒకటి ఇలాంటి చోటే జరుగుతుంది. 1938 ఆగస్టు నెల పేరుతో వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ మూడో సంచిక అది. గని కూలి ఒక కార్మికుడు లోపల చిక్కుకుంటాడు. సూపర్‌మ్యాన్ గని కూలీ వేషంలో దిగి అతన్ని పైకి తెస్తాడు. ప్రాణం దక్కుతుంది కానీ ఆ మనిషి ఇక పని చేసుకోలేడు.

ఇప్పటి సినిమా అయితే అక్కడితో ముగించి మ్యూజిక్ మోగించేది. ఈ కథ అక్కడి నుంచే మొదలవుతుంది. సూపర్‌మ్యాన్ మామూలు మనిషిగా బతికే తన రెండో రూపంలో, విలేఖరి క్లార్క్ కెంట్‌గా వెళ్లి అడిగితే, తప్పంతా కార్మికుడి అజాగ్రత్తదేనని గని యజమాని తేల్చేస్తాడు. సూపర్‌మ్యాన్ మళ్లీ కూలీ బట్టలు వేసుకుని యజమాని ఇంట్లో విందు జరుగుతున్న వేళ చేరతాడు. విందుకొచ్చినవాళ్లు సరదాగా గని చూద్దామని ఖరీదైన బట్టలతోనే కిందికి దిగుతారు. సూపర్‌మ్యాన్ వాళ్లు వచ్చిన దారి కూల్చేస్తాడు. బయటపడే మార్గం లేక, పనిముట్లు చేతపట్టి మట్టి తవ్వాల్సి వచ్చేసరికి తన గనిలో కూలీ బతుకేమిటో యజమానికి తెలిసొస్తుంది. పైకి వచ్చాక గనిని భద్రంగా మారుస్తానని మాటిస్తాడు.

ఈ కథలో సూపర్‌మ్యాన్ బలానికి ఉన్న పని చాలా తక్కువ. గని కూల్చడం, మళ్లీ దారి తీయడం, అంతే. మందుపాతర కూడా చెయ్యగల పని. చిక్కుకున్నవాణ్ని కాపాడి ఊరుకోకుండా, అతను ఎందుకు చిక్కుకున్నాడో కనుక్కోవడానికి వెళ్లాడే, హీరో అనిపించుకున్నది అక్కడ. అతన్ని వెళ్లమన్నవాళ్లు లేరు. వెళ్లకపోతే నిలదీసేవాళ్లూ లేరు.

సూపర్‌మ్యాన్‌ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ క్లీవ్‌లాండ్‌లో పెరిగిన యూదు వలస కుటుంబాల పిల్లలు. 1933లో, ఇంకా స్కూల్లో ఉండగానే, సొంతంగా అచ్చేసుకున్న చిన్న పత్రికలో వాళ్లు మొదటిసారి ‘సూపర్‌మ్యాన్’ అనే పేరు వాడారు. ఆ సూపర్‌మ్యాన్ హీరో కాడు, విలన్. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఉచిత రొట్టె కోసం వరసలో నిలబడ్డ ఒక పేదవాడికి ఒక శాస్త్రవేత్త మందు పెడతాడు. ఇతరుల మనసులు చదివే శక్తి అతనికి వస్తుంది. వెంటనే ఆ శాస్త్రవేత్తనే చంపి, ప్రపంచాన్ని ఏలాలని చూస్తాడు. మందు ప్రభావం తగ్గిపోయాక మళ్లీ రొట్టెల వరసలోకే చేరతాడు. చదువుతుంటే తెలుగువాళ్లకు భస్మాసురుడు గుర్తురాక తప్పదు. వరమిచ్చినవాడి నెత్తి మీదే చెయ్యి పెట్టబోయినవాడు మన కథల్లో ఎప్పటి నుంచో ఉన్నాడు.

అయిదేళ్లలో అదే పేరుగల పాత్ర విలన్ నుంచి హీరోగా మారింది. శక్తి తగ్గలేదు, ఇంకా పెరిగింది కూడా. మారింది, ఆ శక్తి చుట్టూ తనకు తాను గీసుకున్న గీత.

సూపర్‌హీరోల మీద పరిశోధన చేసిన పీటర్ కూగన్ మూడు లక్షణాలు చెప్పాడు: లక్ష్యం, శక్తులు, గుర్తింపు. లక్ష్యం స్వార్థం లేనిదై ఉండాలన్నాడు. పాత్రలను వర్గీకరించడానికి ఇది బాగానే పనికొస్తుంది. కానీ 1962లో వచ్చిన కామిక్స్ విలన్ డాక్టర్ డూమ్‌కి శక్తి ఉంది, ముసుగు ఉంది, పేరు ఉంది, చేసేదంతా లోకం మేలు కోసమేనన్న నమ్మకం కూడా గట్టిగా ఉంది. స్వార్థం లేదని ఎవరికి వాళ్లే చెప్పుకునేదైతే ఆ లక్షణం విలన్‌కీ వర్తిస్తుంది. తేడా తెలియాలంటే అతను ఏం చెయ్యదలిచాడని కాక, చేతిలో ఉన్నా ఏం చెయ్యనంటున్నాడో చూడాలి.

బ్యాట్‌మ్యాన్ విషయంలో ఈ ‘చెయ్యను’ ఎలా పుట్టిందో చూస్తే కొంచెం నవ్వొస్తుంది. 1939 మే నెల సంచికలో అతను మొదటిసారి కనిపించినప్పుడు నేరస్తుణ్ని ఆసిడ్ తొట్టెలో పడేలా గుద్ది, వాడికి తగిన చావేనని సరిపెట్టుకుంటాడు. 1940లో అతని పేరుతోనే వచ్చిన మొదటి సంచికలో విమానం నుంచి మెషిన్‌గన్ పేలుస్తాడు. అది చూసి సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఇకపై బ్యాట్‌మ్యాన్ చంపకూడదని, తుపాకి పట్టకూడదని కట్టడి చేశాడు. ఆ సంచికలోనే జోకర్ చచ్చిపోవాల్సింది. ఇంత మంచి విలన్‌ని ఒక్క సంచికకే ఖర్చు చెయ్యడం ఎందుకని, అతను బతికే ఉన్నాడని చెప్పే బొమ్మ ఒకటి చివర్లో ఇరికించారు.

అంటే ఎనభై ఏళ్లకు పైగా బ్యాట్‌మ్యాన్ ధర్మంగా చెలామణీ అవుతున్న నియమానికి వెనక పిల్లల తల్లిదండ్రులు ఏమంటారోనన్న భయం ఉంది, వచ్చే నెల అమ్మకాల లెక్క ఉంది. అయినా ఆ నియమం విలువ తగ్గదు. తర్వాత వచ్చిన రచయితలు ఆ గీతనే పట్టుకుని మంచి కథలు రాశారు. జోకర్‌ని చంపేస్తే వందల ప్రాణాలు నిలుస్తాయి కదా అన్న ప్రశ్నకు బ్యాట్‌మ్యాన్ దగ్గర గట్టి జవాబు ఎప్పుడూ లేదు. ఒక్కసారి దాటితే మళ్లీ వెనక్కి రాలేనన్న భయం మాత్రం ఉంది.

ఒడిశాలోని బరంపురం థియేటర్లలో మన తెలుగు మాస్ సినిమా చూసి అలవాటైన ప్రేక్షకుడికి ఇదంతా చాదస్తంలా తోస్తుంది. మన హీరో ఇంటర్వెల్‌కే పాతికమందిని నరుకుతాడు, ఆ ప్రాణాల లెక్క ఎవరూ అడగరు. అతని కోపం సొంత ఇంటి నుంచి పుడుతుంది: చెల్లెలికి జరిగిన అవమానం, తండ్రి చావు. పగ తీరితే కథ అయిపోతుంది. బ్యాట్‌మ్యాన్‌కూ తల్లిదండ్రుల హత్యే మొదలు, కానీ ఆ హంతకుడు దొరికినా దొరక్కపోయినా అతని పని ఆగదు. ఈ ఒక్క కొలతతో చూస్తే మన మాస్ హీరో చాలాసార్లు సూపర్‌హీరో కన్నా 1933 నాటి ఆ విలన్‌కే దగ్గర. చూడ్డానికి బావుండటం వేరే సంగతి.

గీతలోని బలమంతా బాగా కనబడేది స్పైడర్‌మ్యాన్‌లో. 1962 ఆగస్టు నెల ‘అమేజింగ్ ఫాంటసీ’ పదిహేనో సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో అతన్ని పరిచయం చేశారు. సాలీడు కుట్టి శక్తి వచ్చిన కుర్రాడు పీటర్ పార్కర్ మొదట చేసిన పని లోకాన్ని కాపాడటం కాదు, డబ్బు సంపాదించడం. కుస్తీ పందెంలో గెలుస్తాడు, టీవీ షోల కోసం రంగుల డ్రస్సు కుట్టుకుంటాడు. పోలీసు తరుముతున్న దొంగ పక్క నుంచే పోతుంటే తన పని కాదని వదిలేస్తాడు. ఆ దొంగే తర్వాత పీటర్ పెదనాన్న బెన్‌ని చంపుతాడు. శక్తి ఉన్నచోట బాధ్యత కూడా ఉండాలన్న ఆ ప్రసిద్ధ వాక్యం పెదనాన్న చెప్పినట్టు చాలామంది గుర్తుపెట్టుకున్నారు. ఆ మొదటి కథలో అది ఎవరి నోటి మాటా కాదు, చివరి బొమ్మలో రచయిత రాసిన వ్యాఖ్య. చెప్పేవాళ్లు లేక, ఆ కుర్రాడు తనంతట తనే దెబ్బతిని నేర్చుకున్నాడు.

పేరు కోసం కుట్టుకున్న అదే డ్రస్సు ఆ రాత్రి తర్వాత అతని మెడకు పడ్డ బాధ్యత అయింది. పైకి చూస్తే గుడ్డ మారలేదు, రంగు మారలేదు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తెలుగు మూలాలున్న నేత కులం డేరా వాళ్లకు, వాళ్ల పెద్ద దేశీబెహెరాకు ఆ యాత్రలో ముఖ్యమైన చోటు ఉంది. ఒళ్లంతా పులి చారలు వేయించుకున్నవాళ్లు, దేవుళ్ల వేషాలవాళ్లు వీధుల్లో తిరుగుతారు. వాళ్లలో అమ్మవారికి మొక్కుకుని కట్టినవాళ్లుంటారు, సరదాకి కట్టినవాళ్లూ ఉంటారు. పక్కపక్కన నిలబెడితే ఎవరు ఎవరో చెప్పలేం. సూపర్‌హీరో డ్రస్సు గురించి కామిక్స్ అభిమానులు ఎంత చర్చించినా తేలనిది కూడా ఇదే. వేషం వెనక మొక్కు ఉందా లేదా అన్నది బొమ్మలో కనబడదు, కథలోనే తెలియాలి.

పీటర్ గురించి ఇంకో మాట. అతని పేరుతో మొదలైన పత్రిక తొలి సంచికలో, 1963లో, స్పైడర్‌మ్యాన్ పేరున రాసిన చెక్కు పట్టుకుని బ్యాంకుకు వెళ్తాడు. గుర్తింపు కార్డు లేదని బ్యాంకువాళ్లు డబ్బు ఇవ్వరు. తెలుగు స్కూలు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, మహారాష్ట్ర కాగితాల్లో మధ్యలో తండ్రి పేరు, ఆధార్‌లో ఇంకోలా ఉండి కౌంటర్ల దగ్గర తిప్పలు పడే సిరొంచ, ధర్మాబాద్ మనుషులు ఆ పేజీ చూసి నవ్వి ఊరుకోరు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన పిల్లలకు క్లార్క్ కెంట్ రెండు బతుకులు కూడా పెద్ద వింతేం కాదు.

అయితే కట్టుబాటు ఒక్కటే ఉంటే చాలా? చందమామ చదివి పెరిగినవాళ్ల దగ్గర ఈ ప్రశ్నకు సగం జవాబు ముందే ఉంది. ఆ పత్రిక ఒడియాలో జహ్నమాముగా, మరాఠీలో చాందోబాగా వచ్చేది. సరిహద్దుకు ఇటూ అటూ పిల్లలు చూసింది ఒకే బొమ్మలు: భుజాన శవం, చేతిలో కత్తి, చీకట్లో నడిచే విక్రమార్కుడు. ఇచ్చిన మాట కోసం ఎన్నిసార్లయినా చెట్టు దగ్గరకు తిరిగి వెళ్తాడు. కానీ ఆ మాట ఇచ్చింది తననే బలివ్వాలని చూస్తున్న కపట భిక్షువుకి. బేతాళుడు హెచ్చరించకపోతే ఆ పట్టుదలే అతని ప్రాణం తీసేది. కర్ణుడి సంగతి ఇంకా క్లిష్టం. దుర్యోధనుడికి కట్టుబడ్డాడు, చివరిదాకా తప్పలేదు. అందుకే కర్ణుడు హీరోనా కాదా అని రచ్చబండ దగ్గర ఇప్పటికీ వాదన తెగదు. మాట నిలబెట్టుకున్నాడా అన్నదానితో పాటు ఎవరికి ఇచ్చిన మాట అన్నదీ అడగాల్సిందే.

కెప్టెన్ అమెరికా కర్ణుడి పరిస్థితిలోకి వెళ్లి, కర్ణుడు చెయ్యలేనిది చేశాడు. 1941 మార్చి పేరుతో వచ్చిన తొలి సంచిక ముఖచిత్రం మీదే హిట్లర్ దవడ పగలగొట్టినవాడు, పేరులోనే దేశం ఉన్నవాడు. అలాంటివాడు అమెరికా అధ్యక్షుడే ఇరుక్కున్న వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో, 1974లో, కుట్ర ప్రభుత్వంలోని అతి పెద్ద మనిషి దాకా పాకిందని తెలిసి ఆ పేరును, డ్రస్సును వదిలేస్తాడు. తను కట్టుబడింది దేశంలోని మనుషులకే తప్ప కుర్చీలో కూర్చున్నవాళ్లకు కాదని తేల్చుకున్నాకే మళ్లీ డాలు పట్టాడు. కామిక్స్ పరిశ్రమ తనకు తానే పెట్టుకున్న 1954 నాటి నియమావళి పోలీసులు, జడ్జీలు, ప్రభుత్వాధికారుల మీద గౌరవం తగ్గేలా ఏదీ చూపించకూడదంది. దాని నీడలో ఇరవై ఏళ్లు గడిచాక వచ్చిన కథ ఇది. గని యజమానిని గనిలోకి దించిన సూపర్‌మ్యాన్ కూడా మెల్లగా పిచ్చి శాస్త్రవేత్తలతో, గ్రహాంతరవాసులతో కుస్తీకి పరిమితమయ్యాడు. వాళ్లతో పెట్టుకుంటే ఎవరూ నొచ్చుకోరు.

ఇక ఫాంటమ్. మన దేశంలో 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ ఇతని కథలతోనే ప్రచారంలోకి వచ్చింది. హిందీలో వేతాళ్ అని పేరు పెట్టారు (చాందోబా కూడా చదివే పిల్లలకు ఇద్దరు బేతాళులు అన్నమాట). లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్‌కి ఏ అతీత శక్తీ లేదు. తండ్రిని చంపినవాడి పుర్రె మీద పూర్వీకుడు చేసిన ప్రమాణం ఉంది, తరతరాలుగా కొడుకు తర్వాత కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు. ఇంతదాకా చెప్పిన లెక్కలో ఇతనే అసలైన హీరో కావాలి.

కొరాపుట్, మల్కన్‌గిరి, గడ్చిరోలి అడవుల పక్కన కూర్చుని చదివితే మాత్రం ఫాంటమ్ మింగుడుపడడు. అడవి నిండా మనుషులున్నారు, వాళ్లకు పెద్దలున్నారు, నమ్మకాలున్నాయి. అయినా వాళ్ల తగవులు తీర్చడానికి, వాళ్లను కాపాడటానికి నాలుగు వందల ఏళ్లుగా ఒక తెల్ల కుటుంబమే దిక్కు. ఫాంటమ్ చావు లేనివాడని ఆ జనం నమ్ముతారు, ఆ నమ్మకాన్ని అతను చెరగనివ్వడు. అతను కట్టుబడింది తన పూర్వీకుల ప్రమాణానికి. అడవి మనుషులు ఎప్పుడూ అతన్ని ఎన్నుకోలేదు, వద్దనే హక్కు కూడా వాళ్లకు లేదు. రక్షణ పేరుతో నడిచే పెత్తనానికి, దొరతనానికి ఎంత దూరమో ఏజెన్సీ చరిత్ర తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అదే కొరాపుట్ అడవిలో తెంతులిగుమ్మ అనే ఊరి భూమియా గిరిజనుడు లక్ష్మణ్ నాయక్ కథ దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంటుంది. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 21న జనాన్ని వెంటబెట్టుకుని మత్తిలి పోలీసు స్టేషన్‌కి ఊరేగింపుగా వెళ్లాడు. కాల్పులు జరిగాయి, జనం చనిపోయారు. ఒక ఫారెస్టు గార్డు హత్యను ఆయన మీద మోపి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ముసుగు లేదు, రహస్యం లేదు, ఒంటి మీద తూటా ఆగదు. కామిక్స్ లెక్కలో ఒక్క మార్కు కూడా రాదు. కానీ వెంట నడిచినవాళ్లకు ఆయన ఎవరో తెలుసు, ఎందుకు నడుస్తున్నారో తెలుసు. నచ్చకపోతే ఆగిపోయే వీలుంది. ఫాంటమ్ వెంట నడిచేవాళ్లకు ఆ వీలు ఎవరూ ఇవ్వలేదు.

సూపర్‌హీరో కల్పనలోని అసలు లోపం ఇక్కడే బయటపడుతుంది. అతని గీత ఎంత గొప్పదైనా గీసుకున్నది అతనే. చెరిపేయాలనుకుంటే ఆపేవాళ్లు లేరు. 1938 నాటి గని కథలో కూడా, న్యాయం సూపర్‌మ్యాన్ వైపే ఉన్నా, విందుకొచ్చిన అతిథులను గనిలో పాతిపెట్టే హక్కు అతనికి ఎక్కడిది? యజమాని మాటిచ్చాడు సరే, రేపు ఆ మాట తప్పితే చూసేదెవరు? తనిఖీ అధికారి, యూనియన్ నాయకుడు ఆ కథలో లేరు, ఉంటే సూపర్‌మ్యాన్ అక్కర్లేదు. వ్యవస్థ చచ్చిన చోటే సూపర్‌హీరోకి పని. అందుకే అతని నగరాల్లో పోలీసులు ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు.

వ్యవస్థ సమయానికి వస్తే ఏమవుతుందో గంజాం తీరం చూసింది. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో పదివేల దాకా ప్రాణాలు పోయాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపు దాదాపు పది లక్షల మందిని తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. తీరం వెంట తెలుగు మాట్లాడే మత్స్యకారుల పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, పడవనూ వలనూ వదిలి రానన్నవాళ్లను ఒప్పించి, తుపాను షెల్టర్లకు చేర్చిన పని అది. ఎవరో ఒక్కరు ఎత్తుకుని ఎగిరితే అయ్యేది కాదు. దాన్ని కామిక్‌గా గీస్తే అందులో ఏమీ జరిగినట్టుండదు, ఎందుకంటే జరగాల్సిన ఘోరం జరగలేదు.

గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్ల సంస్థ సర్చ్ చేసిన పని ఇంకా విచిత్రమైనది. పుట్టిన నెలలోపే చనిపోతున్న పసిపిల్లల కోసం పెద్దాసుపత్రి కట్టి డాక్టర్లను రప్పించే బదులు, ఊళ్లోని మామూలు ఆడవాళ్లకే తర్ఫీదు ఇచ్చారు. ఇంటికెళ్లి బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఇన్‌ఫెక్షన్ గుర్తుపట్టి ఇంజెక్షన్ ఇవ్వడం వాళ్లకు నేర్పారు. 1999లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్లలో నవజాత శిశుమరణాలు 62 శాతం తగ్గాయి.

సూపర్‌హీరో శక్తి ఇంకొకరికి రాదు, వస్తే కథ చెడుతుంది. అతను పుట్టిన క్రిప్టాన్ గ్రహం నుంచి అందరూ వస్తే సూపర్‌మ్యాన్‌లో ప్రత్యేకత ఏముంది? గడ్చిరోలి ఆడవాళ్ల నైపుణ్యం మాత్రం పంచేకొద్దీ పనిచేసింది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇదే పద్ధతిని ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా మొదలుపెట్టింది. బిడ్డ ఆసుపత్రిలో పుడితే ఆశా ఆరుసార్లు ఇంటికి రావాలి, ఇంట్లో పుడితే ఏడుసార్లు. ఎన్నిసార్లు వెళ్లిందో రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్‌ని పైవాళ్లు తనిఖీ చేస్తారు.